సైటోకైన్‌కి మా అమ్మ పెట్టిన పేరు

పదిహేనేళ్లు తమిళనాట సూలూరు పక్కన మరమగ్గాలు నడిపిన చేతులు నావి. అట్లాంటిది ఒక పొద్దు లేచి చూస్తే జడ అల్లుకునేదానికి వేళ్లు వంగలేదు. ఆరు నెలలు మాత్రలు మింగినా కీళ్ల వాపు దిగలేదు.

కోయంబత్తూరులో పెద్ద డాక్టరు నా రక్తపరీక్ష కాగితాలు చూసి తమిళంలో అన్నాడు: "ఒంట్లో సైటోకైన్ ఎక్కువైందమ్మా. దాన్ని అణిచేదానికి ఇంజెక్షన్ వేస్తాం. ఇక్కడ సంతకం పెట్టండి."

"సైటోకైన్ అంటే ఏంది సార్?"

"ఏం చదివినారు?"

"పది."

"అయితే అదంతా మీకెందుకు?"

పెన్ను బల్ల మీద పెట్టేసినా. "నా ఒంట్లో ఉండేదాని పేరు నాకు తెలియాల సార్. తెలుసుకొని వచ్చి పెడతాను."

బయటికొచ్చినాక తోడొచ్చిన అమ్మ తిట్టింది. "డాక్టరు కాడ ఎదురు మాట్లాడతారా? నొప్పి ఆయనకా, నీకా?"

"నాకే. అందుకే అడిగినా."

బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా తమిళ బడిలో నాకు సైన్సు చెప్పిన టీచరమ్మ ఇంటికి పోయినాము. ఆమె తమిళావిడ, రిటైరై చాలా కాలమైంది. కళ్లద్దాలు పెట్టుకొని లావుపాటి నిఘంటువు తీసింది.

"ఇది రెండు గ్రీకు మాటలతో కట్టిన పేరు. మొదటిదానికి డొల్లగా ఉండే పాత్ర అని అర్థం, కుండ మాదిరి. శాస్త్రజ్ఞులు ఒంట్లో కణానికి ఆ మాట వాడుకున్నారు. రెండోది కదలడం. ఒక కణం ఇంకో కణానికి కబురు పంపే ప్రోటీను ఇది. 'శత్రువొచ్చినాడు, లే' అని కదిలిస్తుంది. క్రిములొస్తే అది మంచిదే. నీకు ఏ శత్రువూ రాకపోయినా లేపుతానే ఉంది. లేచినవి నీ కీళ్ల మీదనే పడుతున్నాయి."

అమ్మకు దాన్ని మా తెలుగులో చెప్పినా. కణానికి మా ఇంట్లో మాట లేదు, కుండ అనే అన్నా.

అమ్మ ఆ రెండు మాటలూ కలిపేసింది. "అయితే కుండకదుపు. దీనికా ఆయన అంత బిగుసుకునింది?"

తమిళంలో అర్థం చెప్తే టీచరమ్మ పకపకా నవ్వింది. "గ్రీకు మాటలతో వాళ్లు చేసిందీ ఇదే!"

మరుసటి వారం డాక్టరు నవ్వుతా అడిగినాడు, "తెలుసుకున్నారా?"

ఆగకుండా అంతా చెప్పినా. "ఈ ఇంజెక్షన్ ఆ కబురుకు అడ్డం పడుతుంది, సరే. నిజంగా క్రిములొచ్చిన రోజు నా ఒంటిని లేపేదెవరు సార్?"

ఆయన నవ్వు ఆగింది. చేతిలో ఉన్న వేరేవాళ్ల ఫైలు పక్కన పెట్టినాడు. ఒంట్లో దాగిన క్షయ ఉంటే ఈ మందుతో పైకి లేస్తుందనీ, ముందు దానికి పరీక్ష చేయాలనీ, జ్వరమొస్తే వెంటనే రావాలనీ నిదానంగా వివరించినాడు.

"ఇది పోయిన వారమే చెప్పాల్సింది సార్."

ఆయన పరీక్షకు చీటీ రాసిచ్చినాడు.

పరీక్షలో క్షయ లేదని తేలినాక సంతకం పెట్టినా. ఫారంలో సైటోకైన్ అన్న చోట, కింద 'కుండకదుపు' అని తమిళ అక్షరాల్లో రాసినా. అప్పటికి నాకు తెలుగు రాత రాదు.

నర్సు ఎగాదిగా చూసింది. "ఇదేం మాట? ఫారంలో ఇట్లాంటివి రాయకూడదు."

"మా ఇంటి మాట. గ్రీకు మాట ఉండొచ్చు, నాది ఉండకూడదా?"

ఆమె ఫారం తీసుకొని పోయింది. కొట్టేయలేదు.

నాలుగో నెలకు వాపు దిగింది. రెండు వేళ్లు మాత్రం వంకరగానే నిలిచిపోయినాయి. ఇప్పటికీ ఆ డాక్టరు కాడికే పోతున్నా. నన్ను చూడగానే "అడగండమ్మా" అంటాడు. అడిగేదానికి ఏమీ లేని రోజు గూడ ఒకటైనా అడిగే వస్తా.