ఆమె చేతికే ఇవ్వాల్సిన పుస్తకం

ఈరోజు మధ్యాహ్నం ఒక భార్య తెప్పించుకున్న పుస్తకాన్ని ఆమె భర్త చేతిలో పెట్టాను. లాయరు లేకుండా విడాకులకు దరఖాస్తు చేసుకోవడం ఎలాగో చెప్పే పుస్తకం అది. పొరపాటు జరిగిందని రాసి ఊరుకోవచ్చు. కానీ ఆ సమయంలో నా ధ్యాస ఎక్కడుందో నాకు తెలుసు.

నేను వర్జీనియాలో ఒక చిన్న లైబ్రరీలో పనిచేస్తున్నాను. పుస్తకాలు ఇవ్వడం, తిరిగొచ్చినవి సర్దడం, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం నా పని. చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎక్కువ. ఎవరు ఏం చదువుతున్నారో ఇంకొకరికి చెప్పకూడదని ఉద్యోగంలో చేరిన రోజే చెప్పారు. భార్యాభర్తలైనా సరే. మనవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ నియమాన్ని సడలిస్తూ వచ్చాను. ఒకరి పుస్తకాలు ఇంకొకరు పట్టుకెళ్లడం మన ఇళ్లలో మామూలే కదా అనుకున్నాను.

ఆమె మా మీటింగ్ రూమ్‌లో జరిగే ఇంగ్లిష్ క్లాసుకి వస్తుంది. పోయిన నెల ఒకరోజు కౌంటర్ దగ్గర ఎవరూ లేకుండా చూసి ఈ పుస్తకం అడిగింది. మా దగ్గర లేదు, వేరే లైబ్రరీ నుంచి తెప్పించాలి. వచ్చాక మెసేజ్ పంపొద్దంది. ఆమె అకౌంట్‌లో ఉన్న ఫోన్ నంబరూ ఈమెయిలూ భర్తవే. తన వీసా ఆయన వీసా మీదే ఆధారపడి ఉందనీ, ముందే తెలిసిపోతే తనని ఇండియా విమానం ఎక్కించి పిల్లవాణ్ణి ఇక్కడే ఉంచేసుకుంటాడనీ చాలా మెల్లగా చెప్పింది. ఆమె అకౌంట్‌లో నేనే రాసిపెట్టాను: మెసేజ్ వద్దు, ఆమె చేతికే ఇవ్వాలి. నమ్మకస్తుడినని ఆ సాయంత్రమంతా నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

కౌంటర్‌లో కూర్చుని పుస్తకం చదువుకోకూడదు. నేను చదువుతాను. బల్ల కింద తెరిచి పెట్టుకుని, మనుషులు వచ్చినప్పుడు వేలు అడ్డం పెట్టి తల ఎత్తుతాను. ఒక్కోసారి ఎత్తను కూడా. ఎదురుగా ఉన్న మనిషి మాట నాకు వినపడదని మా ఆవిడ ఎన్నాళ్లుగానో అంటూనే ఉంది. ఇవాళ చదువుతున్నది బొగ్గు గనుల్లో పనిచేసే ఒక కుటుంబం నవల. చివరి పేజీల్లో ఉన్నాను. గనిలో చిక్కుకున్న కొడుకు కోసం తల్లి ఎదురుచూస్తోంది.

అప్పుడు ఆమె భర్త వచ్చాడు. భార్య క్లాసు అయ్యాక ఇంటికి తీసుకెళ్లడానికి ముందే వచ్చాడట. కార్ తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు. ఇంట్లోవాళ్ల లైబ్రరీ కార్డులన్నీ దానికే వేలాడుతున్నాయి.

"అన్నా, మావోళ్లవి బుక్స్ ఏమన్న వచ్చినయా చూస్తరా? మా చిన్నోడు డైనోసార్ల బుక్ కోసం సతాయిస్తుండు."

కార్డులు వరసగా స్కాన్ చేశాను. స్క్రీన్ మీద ఏదో గమనిక వస్తే ఓకే నొక్కేశాను. వెనక షెల్ఫ్‌లోంచి రెండు పుస్తకాలు తీసి, వాటికి చుట్టిన పేర్ల కాగితాలు విప్పేసి ఇచ్చాను. అతను రెండో పుస్తకం అటూ ఇటూ తిప్పి, ఇది కూడా మాదేనా అని అడిగాడు.

"మీ ఆవిడగారిదండీ," అన్నాను. నా కళ్లు మళ్లీ బల్ల కిందే ఉన్నాయి.

అతను రెండూ తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. పేజీ తిప్పాను. తిప్పాక నేనన్న మాట నా చెవికెక్కింది. స్క్రీన్ మీద ఆమె అకౌంట్ ఇంకా తెరిచే ఉంది. మళ్లీ చూస్తే నేను రాసిన గమనిక, కింద నా పేరు.

క్లాసు ఇంకా అవలేదు. తలుపు దగ్గర నిలబడి ఆమెని బయటికి పిలిచాను. జరిగింది చెబుతుంటే ఆమె నా ముఖం చూడలేదు, మంచినీళ్ల కుళాయిని చూస్తూ వింది.

"ఆయన బుక్ చూసిండా?"

"చూశాడమ్మా. ఎవరిదని అడిగితే నీదని చెప్పాను."

మేనేజర్ గదిలో కూర్చోమన్నాను. ఎవరికైనా ఫోన్ చేయాలంటే చేసుకోమన్నాను. వెనక వైపు తలుపు ఉందన్నాను. కరాటే క్లాసు నుంచి బాబుని తెచ్చుకోవాలి, ఎక్కడికి పోతానంది. మళ్లీ తనే అంది.

"పోయి నాది కాదని చెప్పండి అన్నా. మీరే తప్పు బుక్ ఇచ్చిన్రని చెప్పండి." లోపలికి వెళ్లబోతూ ఆగింది. "బుక్ మాత్రం వాపస్ పంపకండి. నాకింకా కావాలె."

పార్కింగ్‌లో అతను కార్‌లోనే ఉన్నాడు. పక్క సీట్లో డైనోసార్ల పుస్తకం, దాని మీద ఇది. అద్దం దించాడు. ఒకే ఇంటిపేరున్న వేరే వాళ్ల పుస్తకం మీకు ఇచ్చేశానని, తల కూడా ఎత్తకుండా నోటికొచ్చింది చెప్పానని, వాళ్లొచ్చి అడుగుతున్నారని అన్నాను. ఇందులో తల ఎత్తలేదన్నది ఒక్కటే నిజం.

"పర్లేదన్నా," అని నవ్వాడు. "నేను గదే అనుకుంటున్న, మా ఇంట్ల గిసొంటివి చదివెటోళ్లు ఎవరున్నరని." పుస్తకం అందించాడు కానీ వెంటనే వదల్లేదు. "ఇంతకీ ఎవరిది? మనోళ్లదేనా?"

"అది చెప్పకూడదండీ. ఎవరడిగినా చెప్పకూడదు."

కౌంటర్ దగ్గర అనాల్సిన మాట అది. అతను నన్ను కాసేపు చూసి పుస్తకం వదిలాడు. నమ్మాడో లేదో నాకు తెలియలేదు. క్లాసు అయ్యాక ఆమె వచ్చి ముందు సీట్లో కూర్చుంది. అద్దాల మీద ఎండ పడి ఇద్దరి ముఖాలూ కనపడలేదు.

తర్వాత మేనేజర్‌కి అంతా చెప్పాను, బల్ల కింద నవలతో సహా, పార్కింగ్‌లో ఆడిన అబద్ధంతో సహా. నా మీద రిపోర్టు రాయక తప్పదంది. రాయమన్నాను. ఆమెకి ఇవ్వమని ఉచితంగా న్యాయ సహాయం చేసేవాళ్ల నంబరు రాసి ఇచ్చింది. ఆమె అకౌంట్‌లోంచి ఆ పుస్తకం తీసేసి నా కార్డు మీద రాసుకున్నాను. ఇకపై దాని మెసేజ్‌లు నాకే వస్తాయి. పుస్తకాన్ని నంబరుతో పాటు నా డ్రాయర్‌లో పెట్టి తాళం వేశాను. నవలని మిగిలిన పేజీలు చదవకుండానే తిరిగొచ్చిన పుస్తకాల బండి మీద పెట్టేశాను.

వచ్చే క్లాసుకి ఆమె వస్తుందో, రానిస్తారో తెలియదు. వస్తే తలుపు వేసుకుని ఆ పుస్తకం చదువుకోవడానికి, క్లాసు జరిగే ఆ వేళకి పక్కనున్న చిన్న గదిని నా పేరు మీద బుక్ చేసి వచ్చాను.