తపేలా లోపలి తెలుపు

మొన్న ప్రొద్దుటూరులో ఒక పాత్రల అంగడి ముందు ఇత్తడి గిన్నెల లోపల తగరపు కళాయి పూస్తుంటే, నవసాగరం పొగ ఘాటుగా ముక్కుకు తగిలింది. ఎనిమిదేళ్ల వయసులో, జమ్మలమడుగులోని మా ఇంట్లో, నాకు కళాయి అంటే ఏమిటో తెలియదు.

తాతకు వాళ్లమ్మ ఇచ్చిన ఇత్తడి తపేలా ఒకటి ఉండేది. అది బయట పచ్చగా మెరిసేది, లోపల మాత్రం తెల్లగా, మసకగా ఉండేది. ఆ తెలుపును మురికి అనుకొని, ఒక ఉదయం చింతపండూ ఇటుకపొడీ వేసి చేతులు మండేదాకా తోమాను.

"అవ్వా, బంగారం మాదిరి చేసినా సూడు!"

పులుసు కాయడానికి వచ్చిన అవ్వ నిలబడిపోయింది. "ఏంది నాయనా ఇది! కళాయంతా గీకేస్తివి గదరా. ఇంగ దీంట్లో పులుసు కాస్తే చిలుమెక్కి విషమైతాది."

ఆ తపేలాకు చిన్న సొట్ట పడినా తాత ఊరుకునేవాడు కాడు. నాకు ఏడుపొచ్చింది.

భోజనం దగ్గర తాత అడిగాడు. "ఏమే, పులుసు మట్టికుండలో కాసినావు? తపేలా యాడ?"

"కళాయి పాతబడి దానంతటదే ఊడిపోయినాది. మళ్లీ పూపించల్ల."

తాత నా గోళ్లలోని ఎర్రటి పొడిని కాసేపు చూశాడు. "ఊడుతాది, ఊడుతాది. శానా పాతది గదా," అని అన్నం కలుపుకున్నాడు.

పులుపు తగిలితే ఇత్తడి చిలుమెక్కుతుందన్న అవ్వ మాటను తరువాత కాలేజీ ప్రయోగశాలలో పరీక్షించాను. నిజమే. కళాయి ఒక్క పూటలో దానంతటదే ఊడదని కూడా అక్కడే తెలిసింది. తాత మాత్రం ఆ రోజు అవ్వ చెప్పింది నమ్మాడనే నేను చాలా ఏళ్లు అనుకున్నాను.