కాలికి పుండు, కంట్లో టార్చి

ఆ రోజుల్లో, అంటే మోకాళ్లు ఇంకా నా మాట వినే రోజుల్లో, నన్ను డాక్టర్ అని పిలిచే చోటు భూమ్మీద ఒక్కటే ఉండేది: ఒమాన్‌లో, సమాయిల్‌ అనే ఊళ్లో మా కంపెనీ రూమ్. ఏడో తరగతిలో జీర్ణవ్యవస్థ పాఠం దాకా వచ్చి బడి మానేసినవాణ్ని కాబట్టి గుండె, ఊపిరితిత్తులు నా చదువులో లేవు. (కాళ్ల పాఠం అసలే లేదు.) అయినా సెలవుకు వెళ్లినవాడల్లా ఊరి ఆర్‌ఎంపీ దగ్గర కట్టించుకొచ్చిన గోలీలన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో పోసి నా మంచం కింద పెట్టారు. ఎర్రది జ్వరానికి, తెల్లది నొప్పులకు, ఏ రంగో తేలనిది గ్యాసుకు అని పంచేవాణ్ని. అందరూ బతికే ఉన్నారు. అది వాళ్ల గట్టితనం.

అంతటి వైద్యుడికి సైట్‌లో అరిగిన బూటులోంచి టైలు ముక్క దిగి పాదం తెగింది. మొదట పసుపు అద్దాను. మానలేదు. కాఫీపొడి పెట్టమన్నాడు జగిత్యాల బావ (చుట్టరికం ఏమీ లేదు, పక్క మంచం). మానలేదు. చల్లగా ఉంటుందని పైన టూత్‌పేస్టు నేనే పూశాను. నెల దాటింది. ఫోర్‌మన్‌కు చెప్పలేదు. ఏదైనా రోగం బయటపడితే కంపెనీ టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తుందని సైట్‌లో ఒక మాట తిరిగేది. ఊళ్లో స్లాబు దాకా లేచిన ఇల్లు నా జీతం కోసమే నోరు తెరుచుకుని ఉంది. చివరికి ఒకరోజు బూటులో కాలు పట్టకపోయేసరికి, "నీ డాక్టరీ సాలు, నడువు" అని బావ నన్ను ఖర్జూర తోటల పక్కనున్న చిన్న క్లినిక్‌కు లాక్కెళ్లాడు.

అక్కడ డాక్టర్ వారానికి రెండుసార్లే వస్తాడు. మిగతా రోజుల్లో అంతా ఒక ఒమానీ సిస్టరే చూస్తుంది. మా పెద్దక్క వయసు, రోగుల దగ్గర నేర్చుకున్న హిందీ. చిన్న స్టూలు మీద కూర్చుని, నా పాదాన్ని తన ఒళ్లోకి తీసుకుని, ఎన్నాళ్లయిందని అడిగింది. రెండు రోజులన్నాను. తడిదూదితో తుడవసాగింది. ముందు తెల్లది వచ్చింది, తర్వాత గోధుమరంగు, ఆఖరికి పసుప్పచ్చ.

"రెండు రోజుల్లో మూడంతస్తులు లేపావా?" అంది.

సిగ్గుతో కాలు వెనక్కి లాక్కోబోతే మడమ వెళ్లి ఆమె మోకాలికి తగిలింది. ఎవరికైనా కాలు తగిలితే వాళ్లను తాకి కళ్లకద్దుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు కదా, చెయ్యి దానంతటదే లేచింది. సగం దారిలో గుర్తొచ్చింది, పరాయి దేశంలో పరాయి ఆడమనిషి. చేతిని పక్కకు తిప్పి ఆమె స్టూలు అంచును తాకి కళ్లకద్దుకున్నాను. అంత పెద్ద తప్పుకు ఒకసారి చాలదేమోనని మూడుసార్లు. ఆమె దూది పక్కన పెట్టి, కళ్లకు కూడా బాధ ఉందా అని అడిగింది. సంగతి వివరించేంత హిందీ నా దగ్గర లేదు, అది వచ్చిన బావ బయట కూర్చున్నాడు. తలూపేశాను.

టార్చి వేసి చూసింది. చూపు మసకబారుతోందా, దాహం ఎక్కువా, రాత్రి ఒంటికి ఎన్నిసార్లు లేస్తున్నావని అడుగుతూ పోయింది. అన్నీ నిజమే. (ఎండ వల్ల అనుకుని మా డబ్బాలోంచి ఎర్రగోలీలు కూడా మింగి ఉన్నాను.) వేలు గుచ్చి మిషన్‌లో అంకె చూసి, దాన్ని నా వైపు తిప్పింది. షుగర్. నా హాస్యం అక్కడితో ఆగిపోయింది.

"సిస్టర్, కంపెనీకి రాయకు. పంపిస్తరు."

ఆమె నా కాలు వదల్లేదు. "షుగరుతో పనిచేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, మా అన్న కూడా. కాలు పోతే మాత్రం పని ఉండదు. ఇక నువ్వే చెప్పు."

నేను సరేనన్నాక నా ఎదురుగానే ఫోర్‌మన్‌కు ఫోన్ చేసి, పుండు మానేదాకా కూర్చుని చేసే డ్యూటీ ఇప్పించింది. మందులు డాక్టర్‌తో రాయించింది. రోజు విడిచి రోజు కట్టు మార్చింది. రూమ్‌లో ఏం వండుకుంటున్నామో అడిగి నా అన్నాన్ని సగం చేసింది. మాటల్లో బావ బిస్కెట్ డబ్బా సంగతి బయటపెట్టాడు. మర్నాడే దాన్ని తెప్పించి చెత్తబుట్టలో బోర్లించింది. అలా నా ప్రాక్టీసు మూతపడింది.

ఇప్పుడు ఒమాన్‌లోనే సీబ్ అనే ఊళ్లో పనిచేస్తున్నాను. పొద్దున బూటు వేసుకునే ముందు అద్దం పెట్టి అరికాలు చూసుకుంటాను. అందులో అప్పుడప్పుడు ఆ పాత డాక్టర్ కనిపిస్తాడు. నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. కట్టు విప్పిన ఆఖరి రోజున, నేను కళ్లకద్దుకోవడం వెనకున్న అసలు కథను బావ హిందీలో సిస్టర్‌కు చెప్పాడు. అది నొప్పి కాదు, కాలు తగిలినందుకు క్షమాపణ అని. ఆమె నవ్వలేదు. నా పాదం మెల్లగా కింద పెట్టి అంది:

"నాకెందుకు క్షమాపణ? నెలరోజులు కాఫీపొడి మోసింది నీ కాలు. దాన్ని అడుక్కో."