రాగిరేకు మీద జారిన ఉలి

మొన్న మ్యూజియంలో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసి, నా పాత వ్యాసం మళ్ళీ అచ్చు వేస్తున్నాం, మార్పులేమైనా ఉన్నాయా అని అడిగితే, ఇరవై ఏళ్ళుగా దాచిపెట్టిన మార్పు ఒకటుంది, రాసి పంపుతానన్నాను. అందులో అందరూ మెచ్చుకున్న సంగతి నేను కనిపెట్టింది కాదు. మా అక్క భర్త, బావ కనిపెట్టింది.

అప్పట్లో నేను ఇక్కడే, సింగపూర్‌లో, పదిహేడో శతాబ్దంలో ఇప్పటి బెల్జియం ప్రాంతంలో బతికిన ఒక ఫ్లెమిష్ చెక్కడపు పనివాడి మీద పరిశోధన చేస్తున్నాను. పెద్ద చిత్రకారులు రంగుల్లో వేసిన బొమ్మల్ని రాగిరేకు మీద, అదీ కుడిఎడమలు తారుమారుగా చెక్కి, కాగితం మీద అచ్చుతీసి ఊరూరికీ అందేలా చేయడమే అతని బతుకంతా. పట్టుబట్ట మెరుపు, ముసలి చేతుల నరాలు, మబ్బులు, అన్నీ నల్లగీతలే, కొన్ని వెంట్రుక కన్నా సన్నం. బొమ్మ కింద చిత్రకారుడి పేరు ముందుండేది, ఇతనిది ఆ తరువాత.

బావ షిప్‌యార్డులో వెల్డరు. అంతకుముందు తెనాలిలో పాత్రల కొట్టు అరుగు మీద కూర్చుని స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కేవాడు. మన తరం ఇళ్ళలో పేరు లేని చెంబు ఉండేదా? ఒక ఆదివారం లిటిల్ ఇండియాలో భోంచేశాక ఆయన్ని మ్యూజియానికి తీసుకెళ్ళి, అద్దం వెనక ఉన్న అతని అచ్చుబొమ్మ ఒకటి చూపించాను. ముసలి సన్యాసి మోకాలి దగ్గర, అసలు చిత్రంలో లేని బట్ట మడత ఒకటి ఇందులో ఉంది. అది చెక్కినవాడి ఊహ అని పరిశోధకులమంతా రాసుకున్నాం. బావ అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు.

"ఊహ లేదు, నీ మొహం లేదు. ఉలి జారిందిరా బావమరిదీ. జారినదాన్ని మడత చేసేశాడు దొంగసచ్చినోడు. గిన్నె మీద జారితే నేను పువ్వు చేసేవాణ్ణి."

భూతద్దంలో చూస్తే నిజమే. తక్కిన గీతలన్నీ సన్నగా మొదలై మెల్లగా లావెక్కుతుంటే, ఆ ఒక్కటీ ఒక్క ఊపున దూసుకుపోయింది. ఇన్ని వందల ఏళ్ళు ఎవరికీ దొరకని తప్పు సాటి పనివాడికి దొరికింది.

ఆ వ్యాసం మీద నేనిచ్చిన ప్రసంగానికి బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఇంగ్లీషు రాదు, కానీ ఆ మడత తెర మీద పడగానే పక్కవాడికేసి చూసి నవ్వాడు. ఎలా గుర్తించారని ఎవరో అడిగితే, చూడగా చూడగా తెలిసిందన్నాను. ఆ మాటకే నాకు ఉద్యోగం వచ్చింది. ముందుగా చప్పట్లు కొట్టింది బావే.

ఇప్పుడు గిన్నెల మీద పేర్లు మిషను రాస్తుంది, అది జారదు. అలాంటి తప్పును పట్టే కళ్ళు మాత్రం ఇక ఎక్కడ తయారవుతాయో తెలియదు. బావ కూడా వచ్చే నెల ఊరికి వెళ్ళిపోతున్నాడు. వ్యాసంలో ఆయన పేరు చేర్చమని ఆ అమ్మాయికి రాసి, ఊరి చివర క్రాంజీలో, పనివాళ్ళ వసతిలో ఉన్న ఆయన గదికి వెళ్ళి, ఆ రోజు నేను ఇంగ్లీషులో ఏమన్నానో మొదటిసారి తెలుగులో చెప్పాను.

"కనిపెట్టింది నువ్వు బావా. నేనని చెప్పుకున్నాను. తప్పయిపోయింది, క్షమించు."