స్కేలమ్మ సంతకం పెట్టలేదు

వంతెన మూడో స్తంభానికి బిగించిన, స్కేలులా గీతలున్న ఇనుప పలకల మీద నీటిమట్టం చూసి రిజిస్టరులో రాయడం ఆమె ఉద్యోగం. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఐదుకు. ఇరవై ఒక్క ఏళ్ళుగా అదే పని. ఊరంతా ఆమెను స్కేలమ్మ అనే పిలిచేది.

కొండల్లో పుట్టి నేరుగా ఊళ్ళోకి దూకే నది అది. ఆమె చేరిన కొత్తలో దానికో పద్ధతి ఉండేది. ఎండల్లో మోకాలి లోతు, వానల్లో నడుం లోతు. రానురాను మధ్యస్థం అనేదే లేకుండా పోయింది. వస్తే వంతెన కడుపు తాకేది, లేదంటే రాళ్ళు బయటపెట్టుకుని పడి ఉండేది. ఆఖరికి వరసగా మూడేళ్ళు కరువే. నీళ్ళు స్తంభాన్ని వదిలేసి అవతలి గట్టు వారగా సన్నటి పాయలా పారుతుంటే, ఆమె ఒక పలక విప్పి భుజాన వేసుకుపోయి అక్కడ పాతింది.

"ఇంట్లో కూర్చుని సున్నా అని రాసెయ్యొచ్చుగా," అన్నాడు భర్త.

"సున్నా కాదుగా," అంది.

ఆ మూడో ఏడు పురపాలక సంఘం వాళ్ళకు వంతెన కింద ఎండిన నేల మీద కన్నుపడింది. నలభై రేకుల దుకాణాలు వేస్తారట. పదేళ్ళుగా అక్కడికి నీరు రాలేదని ఒక కాగితం కావాలి. ఆమె ఆఫీసు ఇంజనీరు స్వయంగా వచ్చాడు.

"ఒక్క సంతకం పెట్టమ్మా, అయిపోతుంది."

"పదేళ్ళు కాదు సార్, మూడేళ్ళు. నాలుగేళ్ళ కిందట మీరు నిలబడ్డ చోట మీ తల మునిగేంత నీళ్ళున్నాయి. మీరు పొడుగే, అయినా సరే."

"నది చచ్చిపోయిందని అందరికీ తెలుసు."

"రోజుకు మూడుసార్లు చూసేదాన్ని నేను. నాకు తెలీదు మరి."

ఆమె పెట్టని సంతకం ఇంకెవరో పెట్టారు. దుకాణాలు వెలిశాయి. మొదటి వరసలోనే ఆమె ఆడపడుచు బట్టలు కుట్టే కొట్టు తెరిచింది. "సొంత వదినే నా పొట్ట కొట్టాలని చూసింది," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. స్కేలమ్మ ఎర్ర రంగు డబ్బా కొనుక్కొచ్చి, నాలుగేళ్ళ కిందటి వరద ఎక్కిన ఎత్తున స్తంభం చుట్టూ గీత గీసింది. అది దుకాణాల కప్పుల కంటే పైనుంది. బేరాలు పోతున్నాయని దుకాణాలవాళ్ళు సున్నం కొట్టించారు. ఆమె మళ్ళీ గీసింది. మళ్ళీ సున్నం. మూడోసారి నిచ్చెన లాగేసి, "ఎందుకమ్మా నీకీ మొండితనం?" అని గొడవకొచ్చారు.

"గీత చెరిపితే నీళ్ళు తగ్గుతాయా? అయితే చెప్పండి, సున్నం నేనే కొడతా," అంది. నిచ్చెన లాక్కుని గీత పూర్తిచేసింది.

కొట్లు తెరిచిన ఆరో నెలలో ఒక మధ్యాహ్నం. ఊళ్ళో ఎండ మండిపోతోంది, కొండల మీద మాత్రం మబ్బు నల్లగా కూర్చుంది. ఒంటిగంట లెక్కకు దిగిన స్కేలమ్మకు నీటి రంగు నచ్చలేదు. ఎర్రమట్టితో చిక్కబడింది. పచ్చి ఆకులతోనే విరిగిన కొమ్మలు కొట్టుకొస్తున్నాయి. కళ్ళముందే పలక మీద జానెడు మునిగింది. ఎగువన లెక్క చూసే మనిషికి ఫోన్ చేస్తే మోగలేదు. ఆఫీసుకు చేస్తే, సారు భోజనానికి వెళ్ళారు, హెచ్చరిక ఇవ్వాలంటే ఆయన అనుమతి కావాలి అన్నారు.

ఆమె ఫోన్ పెట్టేసి దుకాణాల్లోకి పరుగెత్తింది.

"నీళ్ళొస్తున్నాయి, పైకి పదండి!"

ఒక్కరూ కదల్లేదు. "మళ్ళీ మొదలెట్టింది," అని నవ్వారు.

"ఎండ చూడు వదినా ఎలా కాస్తోందో," అంది ఆడపడుచు, కుట్టు ఆపకుండానే.

స్కేలమ్మ కుట్టుమిషన్ను గుడ్డతో సహా రెండు చేతులతో ఎత్తి గుండెకు అదుముకుని, గట్టు మెట్లు ఎక్కసాగింది.

"దొంగ! నా మిషన్! పట్టుకోండి!" ఆడపడుచు జుట్టు ఊడిపోతున్నా లెక్కచేయకుండా వెంటపడింది. వదినా ఆడపడుచుల గొడవంటే ఎవరికి కాళ్ళాగుతాయి? టీ కొట్టువాడు, గొడుగులు బాగుచేసేవాడు, బేరానికొచ్చినవాళ్ళు అందరూ మెట్లెక్కారు. పైన రోడ్డు మీద ఇద్దరూ మిషన్ను చెరోవైపు లాగుతుండగా, వంతెన అవతల రాళ్ళు దొర్లుతున్న చప్పుడు వినిపించింది. నీటి దెబ్బకు మొదటి వరస రేకులు కాగితాల్లా లేచిపోయాయి. కిందే ఉండిపోయిన తాళాలు బాగుచేసేవాణ్ణొక్కణ్ణీ తాడు వేసి పైకి లాగారు. నలభై కొట్లూ పోయాయి, మనుషులందరూ మిగిలారు.

ఆడపడుచు మిషన్ వదిలేసి రోడ్డు మీదే కూలబడింది. "ముందే చెప్పొచ్చుగా వదినా," అంది ఏడుస్తూ. స్కేలమ్మకు కోపం, నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

నాలుగో రోజున ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా జనాన్ని భయపెట్టినందుకు విచారణ. ఆ వెనకే ఇంజనీరు వచ్చి, హెచ్చరిక తానే ఇచ్చినట్టు రిజిస్టరులో ఒక్క ముక్క చేర్చమన్నాడు.

"అప్పుడు మీరు భోజనంలో ఉన్నారని రాశాను సార్. కొట్టేస్తే బాగుండదు."

విచారణకు ఆమె ఇరవై ఒక్క రిజిస్టర్లూ మోసుకెళ్ళింది. వెనకాల దుకాణాలవాళ్ళు, అందరికంటే ముందు ఆడపడుచు. గదిలో కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు.

"మళ్ళీ ఇలాంటిది జరిగితే ఏం చేస్తావు?" అడిగాడు విచారణాధికారి.

"ఇదే చేస్తాను. ఈసారి ఫోన్ చేసి టైము వేస్టు చెయ్యను."

ఆయన చాలాసేపు రిజిస్టర్లు తిరగేశాడు. ఉద్యోగం తియ్యలేదు, మెచ్చుకోనూ లేదు. ఎనిమిది నెలలకు వంతెన కింద ఏమీ కట్టకూడదన్న ఉత్తర్వు వచ్చింది. దుకాణాలకు పైన రోడ్డు పక్కన చోటిచ్చారు. ఆ ఉత్తర్వు చేతికొచ్చిన రోజు నది మళ్ళీ చీలమండ లోతుకు పడిపోయింది. ఆమె ఐదింటికి దిగి, అంగుళంతో సహా రాసుకుని ఇంటికి వెళ్ళింది.