రంగు చెప్పమన్న సూరాచారి గారు

మొన్న దువ్వాడ స్టేషన్లో నిలబడి ఉండగా వాన మొదలైంది. పక్క లైన్లో ఆగి ఉన్న గూడ్సు బండి నిండా రాక్షసి బొగ్గు. మొదటి చినుకులు పడగానే దాని మీంచి ఒక వాసన లేచింది. తడిసిన రాయి వాసన, దాని వెనకే కొంచెం గంధకం. ఏళ్ల తరబడి ఆదివారాలన్నీ నేను పీల్చిన వాసన అది. నేను ఎక్కవలసిన బండి వచ్చిందీ, వెళ్లిపోయిందీ. నేను మాత్రం మల్కాపురంలో, రేకుల కప్పు కింద ఒక కొలిమి ముందు నిలబడి ఉన్నాను.

ఆ కొలిమి సూరాచారి గారిది. ఆయన నాకు బంధువు కాదు, గురువని కూడా ఎన్నడూ ఒప్పుకోలేదు. మాది గోదావరి జిల్లా. మావారికి పోర్టులో క్రేను ఆపరేటరు ఉద్యోగం రావడంతో మల్కాపురంలో కాపురం పెట్టాం. డెబ్బయ్యో దశకం మధ్యలో ఆయన పచ్చకామెర్లతో పోయారు. పిల్లలు లేరు. నేను దగ్గర్లోని బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసేదాన్ని. మిగతా రోజులు బడితో ఎలాగో గడిచిపోయేవి, ఆదివారం మాత్రం గడిచేది కాదు. పుట్టింటివాళ్లు వచ్చేయమన్నారు. వెళ్లడానికీ మనసొప్పలేదు, ఉండటానికీ కారణం కనిపించలేదు.

అలాంటి ఒక ఆదివారం కత్తిపీట మొద్దుబారిందని సందు చివరి కొలిమికి పట్టుకెళ్లాను. సూరాచారి గారి భార్య పైడమ్మ నిప్పుకు గాలి కొట్టే చక్రం తిప్పుతోంది. ఆయన పట్టకారుతో ఒక కడ్డీని నిప్పులోంచి పైకెత్తి, నా వైపు తిరిగి, ఏ పరిచయమూ లేకుండా అడిగారు.

"ఏ రంగుందమ్మా ఇది?"

పిల్లల చేత రంగులు వేయించేదాన్ని కనుక ఆలోచించకుండానే చెప్పాను. "నారింజ అండీ. చివర మాత్రం గుడ్డు సొనలా ఉంది."

ఆయన వెంటనే కడ్డీని దాగలి ఇనుప దిమ్మ మీద పెట్టి నాలుగు దెబ్బలు వేశారు. కత్తిపీట సానబట్టి ఇస్తూ, "టీచరమ్మా, వచ్చే ఆదివారం కాళీయేనేటి? వస్తే నిప్పు పని నేర్పుతాను. ఈ నైలాన్ సీర కట్టుకుని రాకు. రవ్వ పడితే ఒంటికి అంటుకుపోతాది. నూలు సీర కట్టుకో" అన్నారు. వేళాకోళం అనుకున్నాను. అయినా మరుసటి ఆదివారం నూలు చీర కట్టుకుని వెళ్లాను.

ఆయన మొదట నేర్పింది సుత్తి పట్టడం కాదు, మంట పెట్టడం. నడిమధ్య చిన్న మంట, దాని చుట్టూ తడిపిన బొగ్గుపొడి గట్టులా. ఆ గట్టు లోపలి వైపు నుంచి కాగి, పొగంతా పోగొట్టుకుని, తేలికైన గుల్ల బొగ్గుగా మారుతుంది. ఇనుముకు కావలసింది ఆ బొగ్గు. పొగ వస్తున్న మంటలో ఇనుము పెట్టనిచ్చేవారు కాదు. అడుగున కరిగి గడ్డకట్టిన చిట్టెం తీయకుండా మళ్లీ గాలి కొట్టనిచ్చేవారు కాదు. పెద్ద మంట వేస్తే పని త్వరగా అవుతుందేమో అని ఒకసారి అన్నాను. "నీ సేతిలో ఉన్నది జానెడు ముక్క. ఊరంతా తగలెట్టుకుని ఏటి సేత్తావు?" అన్నారు. కొలిమి నీడలోనే ఉండాలనేవారు. ఎండలో చూస్తే బాగా కాగిన ఇనుము కూడా చల్లగానే కనిపించి మోసం చేస్తుందట.

దాగలి కోసం డబ్బు పోయనక్కర్లేదని పాత సామాన్ల కొట్లో దొరికిన రైలుపట్టా ముక్కను దుంగకు దిగేసి నాకు ఇచ్చారు. నేను నిలబడి చెయ్యి కిందికి వదిలితే పిడికిలి తగిలేంత ఎత్తులో దుంగను కోసి పెట్టారు. సుత్తి తేలికది ఇచ్చారు. "బరువు నీది కాదు, సుత్తిది. నువ్వు ఎత్తు, అది పడతాది. గట్టిగా పట్టుకోకు, మోచెయ్యి పోతాది" అనేవారు. ఒకసారి మా ఇంట్లో పడి ఉన్న కుళాయి గొట్టం ముక్కను తెచ్చి నిప్పులో పెట్టబోయాను. ఆయన చేత్తో తడిమి చూసి దాన్ని వీధిలోకి విసిరేశారు. నా మీద ఆయన అరిచింది అదొక్కసారే. గొట్టానికి ఉండే ఆ తెల్లపూత కాలితే వచ్చే పొగ మనిషిని పడుకోబెట్టేస్తుందని, ఆయన తమ్ముడు అలాగే మంచం పట్టాడని ఆ తర్వాత పైడమ్మ చెప్పింది.

తడిమి చూడటం అన్నాను కదా. అదెందుకో నాకు అర్థం కావడానికి చాలా ఆదివారాలు పట్టింది. ఆయన ప్రతి వస్తువునూ తడిమే చూసేవారు. ప్రతిసారీ రంగు నన్నే అడిగేవారు. నేర్పే పద్ధతి కాబోలు అనుకున్నాను. ఒకరోజు ఆయన నీళ్లు తాగడానికి లోపలికి వెళ్లినప్పుడు పైడమ్మ చక్రం ఆపి, గొంతు తగ్గించి చెప్పింది.

"కళ్లు పోతన్నాయమ్మా. మద్దేన్నం ఎలుగులో కూడా మాట బట్టే నన్ను పోల్సుకుంటన్నాడు. ఇన్నేళ్లు నిప్పుకేసి సూసినాడు కదా. ఎవలికీ సెప్పకు, పని రాదు."

నేను చెప్పలేదు. ఆయనకు నేను కళ్లయ్యానని తెలిసిన రోజున నాకు దుఃఖంతో పాటు ఒక ధైర్యం కూడా కలిగింది. నేను ఫలానా చోట, ఫలానా రోజున ఉండి తీరాలని ఒక మనిషికి ఉంది. ఆ ఊళ్లో ఉండిపోవడానికి నాకు అదే కారణమైంది.

ఆ వేసవి సెలవుల్లో మా అమ్మకు ఒంట్లో బాగులేదని ఊరు వెళ్లాను. తిరిగొచ్చి కొలిమికి వెళ్లేసరికి ఎర్రయ్య అక్కడ ఉన్నాడు. చేపల రేవులో పడవ నడిపేవాడు. నేను లేని రోజుల్లో ఆచారి గారి చేత కొత్త లంగరు చేయించుకుని, తీసుకుపోవడానికి వచ్చాడు. ఆచారి గారు నన్ను గొంతు బట్టి గుర్తుపట్టి, "టీచరమ్మా, ఓపాలి సూడు" అన్నారు. కాడకు కొక్కేలు అతికించిన చోట చూశాను. అతుకు చుట్టూ వెంట్రుక లాంటి గీత ఉంది.

ఎర్రయ్య అప్పటికే లంగరును భుజానికెత్తుకోవడానికి వంగాడు. పైడమ్మ నా ముఖంలోకి చూస్తోంది. ఏం చెప్పాలో ఆలోచించుకునే వ్యవధి కూడా లేదు.

"అతుకు దగ్గర గీత ఉందండీ" అన్నాను.

ఆచారి గారు సమ్మెట తడిమి తీసి ఎర్రయ్య చేతికిచ్చారు. "కొట్టు బావా. నీ బలమంతా పెట్టి కొట్టు."

రెండో దెబ్బకే కొక్కెం ఊడి పక్కన పడింది. లోపల ఇనుము కలవనే లేదు. బూడిదరంగులో దేని ముఖం దానికే ఉంది.

"నాకు కళ్లు కనబడటం లేదు ఎర్రయ్యా. ఏడాదై దాస్తన్నాను."

"మరి నాకు సెప్పొద్దేటి బావా?"

"సెప్తే పని ఇత్తువా?"

ఎర్రయ్య "ఇవ్వను" అన్నాడు. "పడవలో నా తమ్ముడు, నా కొడుకు ఉంటారు. ఎలాగిత్తాను?"

"ఇవ్వకూడదు" అన్నారు ఆచారి గారు. "మనం సేసిన దానికి ఎవలి బతుకు ఏలాడతాదో మనకి తెల్దు కదా."

లంగరు అక్కడే వదిలేసి ఎర్రయ్య వెళ్లిపోతుంటే ఆచారి గారు పిలిచి వచ్చే ఆదివారం రమ్మన్నారు. ఆ ఆదివారం ఎర్రయ్య కళ్లముందే అతుకు మళ్లీ వేశాం. చిలుము పట్టకుండా వెలిగారం పొడి చల్లి నిప్పులో పెట్టి, నేను కళ్లార్పకుండా చూస్తూ చెప్పాను. నారింజ, గుడ్డు సొన, పాలిపోయిన పసుపు, ఇనుము మీద నూనె పూసినట్టు తడి మెరుపు. "రవ్వలు లేస్తన్నాయా?" "ఇప్పుడే ఒకటి, రెండు." "తియ్!" అన్నారు. అంతకంటే ఆగితే ఇనుమే కాలిపోతుంది. ఆయన దెబ్బలు ఎక్కడ పడాలో అక్కడే పడ్డాయి. చల్లారాక ఎర్రయ్య సమ్మెటతో తనివి తీరా కొట్టాడు. అతుకు నిలిచింది. లంగరును భుజాన వేసుకుని, వెళ్లే ముందు ఆచారి గారి చెయ్యి పట్టుకున్నాడు.

ఆ కొలిమిలో తయారైన ఆఖరి లంగరు అదే. సంగతి రేవంతటికీ తెలిసింది. తర్వాత కొడవళ్లూ కత్తిపీటలూ తప్ప మరేమీ రాలేదు, వాటినీ క్రమంగా నేనే చేశాను. పెద్దాసుపత్రిలో ఒక కంటికి ఆపరేషన్ చేశారు. మనుషుల ఆకారాలు తెలిశాయి కానీ నిప్పు రంగు తిరిగి రాలేదు. స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో వాళ్ల కొడుకుకు అక్కడ వెల్డరు పని దొరకడంతో తల్లిదండ్రులను తన దగ్గరకు తీసుకెళ్లాడు. ఆఖరుసారి చూడటానికి వెళ్లినప్పుడు ఆయన నా అరచేయి తడిమి, కాయలు కాచాయని తెలుసుకుని, "బాగుంది" అన్నారు. ఆ చలికాలంలోనే పోయారు.

ఉద్యోగం విరమించాక దువ్వాడలో మా పెరట్లో చిన్న కొలిమి పెట్టుకున్నాను. సరదాగా నేర్చుకుంటామని అప్పుడప్పుడు ఎవరో ఒకరు వస్తారు. ఈ మధ్య ఒక కాలేజీ లెక్చరరు తన పాప ఉయ్యాల గొలుసుకు రింగు చేసుకున్నాడు. పైకి నున్నగా ఉంది. "బాగా కుదిరిందా అమ్మా?" అన్నాడు. అతుకు లోపల కలవలేదని నాకు తెలుస్తూనే ఉంది. అయినా చెప్పకుండా, వైసులో బిగించి కొట్టి చూడమన్నాను. అంత కష్టపడి చేసుకున్నదాన్ని కొట్టడానికి అతనికి చేతులు రాలేదు. చివరికి కొట్టాడు. అతుకు విడిపోయింది. అతను ఆ రింగును చాలాసేపు చేతిలో తిప్పి చూసుకున్నాడు. అతని ముఖంలో నిరాశ లేదు. తన ఇంట్లో కాకుండా ఇక్కడే విడిపోయిందన్న నిమ్మళం ఉంది.