చిటికెన వేలి మీద మూడు అంతస్తులు

రాయదుర్గంలో మా క్యాంటీన్ ఉన్న భవనానికి పన్నెండు అంతస్తులు. నా కుడిచేతి నాలుగు వేళ్లకు పన్నెండు కణుపులు. ఆ రెండూ సరిపోవడం నా అదృష్టం. దాన్ని పనికి పెట్టుకోవడం మాత్రం నా తెలివే, అది ఎవరికీ పంచి ఇవ్వను.

నేను చదివింది ఏడో తరగతి. పదిహేనేళ్ల కింద గిన్నెలు తోమడానికి ఆ క్యాంటీన్‌లో చేరాను. మిగిలిన అన్నం పారబోసేది నేనే కాబట్టి ఏ రోజు ఎంత మిగులుతుందో అందరికన్నా ముందు నాకే తెలిసేది. చూడగా చూడగా ఎందుకు మిగులుతుందో కూడా తెలిసింది. వాన పడితే పైఅంతస్తుల వాళ్లు బయటికి పోకుండా మా దగ్గరికే దిగుతారు. మూడో అంతస్తులో సగం మంది ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకుంటారు. ఏడో అంతస్తు వాళ్లు సోమవారం ఇంటి నుంచే పని చేస్తారు. ఇవన్నీ గుర్తుండాలని అంతస్తుకో కణుపు పెట్టుకున్నాను. బొటనవేలు కణుపు మీద ఆనితే ఆ అంతస్తు కళ్ల ముందు నిలబడుతుంది, దాని అంకె వెంట వస్తుంది.

అందరూ చిటికెన వేలి నుంచి లెక్కపెడతారు. నేను చూపుడు వేలి నుంచి మొదలుపెడతాను. నేను చేరినప్పుడు కింది ఆరు అంతస్తులే నిండాయి, వాటికి చూపుడు వేలు, మధ్య వేలు సరిపోయాయి, అందుకని చిటికెన వేలు చివరికి పోయింది. పది, పదకొండు, పన్నెండు దాని మీద ఉంటాయి.

ఐదేళ్లు తిరిగేసరికి ఇండెంట్ రాసే కుర్చీ నాకు ఇచ్చారు. రోజూ పది గంటల లోపల, మధ్యాహ్నం ఎంతమంది తింటారో అంతస్తుల వారీగా కాగితం మీద వేసి వంట మాస్టర్‌కి ఇవ్వాలి. ఆ కాగితాన్ని బట్టే ఎసరు పెడతారు.

ఒక బుధవారం ఆ కాగితం మీదే నాకు పక్షవాతం వచ్చింది. ఏడో అంతస్తు దాకా అంకెలు గుండ్రంగా ఉన్నాయి. ఎనిమిదో దగ్గర పెన్ను జారి గీత ఒకటి కాగితం చివరి దాకా పోయింది. గోడ గడియారం చూశాను. తొమ్మిది యాభై. అది చూడటం నాకు అలవాటు, అంతే. చేయి బరువెక్కింది, మూతి పక్కకు లాగింది. వంట మాస్టర్ గోదావరి జిల్లా ఆయన, మంచివాడు. నా ముఖం చూసి కేకపెట్టాడు.

"అక్కకి షుగర్ పడిపోయిందండీ! ముందు గ్లూకోజ్ కలిపి పట్టుకురండి!"

అయిదు చెంచాల గ్లూకోజ్ నీళ్లు నా నోట్లో పోశారు. సగం చీర మీద పడ్డాయి. ఆస్పత్రికి పోదామంటే నేనే ఒప్పుకోలేదు. "కాగితం అయిపోనియ్యి" అన్నాను, అన్నాననే అనుకున్నాను, వాళ్లకు అర్థమైంది వేరే ఏదో. అలా ముప్పై అయిదు నిమిషాలు నా మొండితనంతో పోయాయి. ఆ తర్వాత కూరగాయల వ్యాన్‌లో పడుకోబెట్టి తీసుకెళ్లారు.

ఆస్పత్రిలో డాక్టర్ మొదట అడిగింది ఒక్కటే. "ఎప్పుడు మొదలైంది?"

"ఇప్పుడేనండీ, పదింపావు అలాగ" అన్నాడు మాస్టర్.

నేను ఎడమచేత్తో ఆ ఇండెంట్ కాగితం, దాని మీద జారిన గీత చూపించాను. తేవద్దన్నా దాన్ని పిడికిట్లో పట్టుకునే వచ్చాను. వంకర నాలుకతో "తొమ్మిది యాభై" అని మూడుసార్లు చెప్పాను. మూడోసారికి డాక్టర్‌కు అందింది. మెదడు నరంలో అడ్డుపడ్డ నెత్తురు గడ్డను కరిగించే మందు, జబ్బు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలట, అది కూడా మెదడులో రక్తస్రావం లేదని స్కాన్‌లో చూశాకే. అందుకే ఆ అంకె కావాలి. స్కాన్ తీశారు. షుగర్ చూస్తే రెండు వందల తొంభై రెండు. మాస్టర్ తల దించుకున్నాడు. సూది పడేసరికి పన్నెండూ అయిదు. మొత్తం నూట ముప్పై అయిదు నిమిషాలు.

మూడో రోజు మాట కాస్త తేరుకుంది. మంచం పక్కకు వచ్చిన డాక్టర్‌ని అడిగాను.

"చెయ్యి ఎంత తిరిగొస్తది సారూ?"

"చాలా వాటి మీద ఉంటుందమ్మా."

"ఒక్కొక్కటి చెప్పుండ్రి. నేను పట్టుకుంటా."

ఆయన నవ్వి, కుర్చీ లాక్కుని చెప్పారు. మందు ఎంత తొందరగా పడింది అన్నది పెద్దది. వచ్చినప్పుడు దెబ్బ ఎంత తీవ్రంగా ఉంది అన్నది ఇంకా పెద్దది. వయసు, నాకు యాభై ఒకటి. ఆ పూట షుగర్. ఎనిమిదేళ్లుగా ఉన్న షుగర్ వేరే లెక్క. బీపీ. మూసుకున్న నరం చిన్నదా పెద్దదా. మందు తర్వాత లోపల నెత్తురు కారిందా, నాకు కారలేదని రెండో స్కాన్ చెప్పింది. తర్వాత చేసే కసరత్తు. నేను ఎడమచేతి వేళ్ల మీద వేసుకుంటూ పోయాను. గ్లూకోజ్ నీళ్ల సంగతి కూడా అడిగాను. షుగర్‌కు కొంత తోడై ఉండొచ్చు, అంతకన్నా మూతి వంకరపోయినప్పుడు నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఎక్కువ, ఇంకెప్పుడూ పోయనియ్యకండి అన్నారు.

"మరి నా అసుంటోళ్లు వందమందిల ఎందరికి బాగైతది?"

ఆయన ఒక అంకె చెప్పారు. దాన్ని ఇక్కడ రాయను. అది చదివి ఇంకెవరో తమ చేతిని ముందే మడిచి పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆ అంకె నన్ను భయపెట్టలేదు. నా పని కూడా అదే కదా. వాన పడితే ఎనభై మంది ఎక్కువ వస్తారని పదేళ్లుగా చెబుతున్నాను, చాలాసార్లు సరిగ్గానే చెప్పాను. ఆ ఎనభై మంది ఎవరో మాత్రం ఏ రోజూ చెప్పలేకపోయాను. పళ్లెం పట్టుకుని ఎదురుగా నిలబడ్డ మనిషితో, నువ్వు ఇవాళ రావని లెక్కలో ఉంది, వెనక్కి పో అనలేను. డాక్టర్ చెప్పింది వందమంది లెక్క. నేను ఆ వంద కాదు, ఒక్కదాన్ని.

ఇంటికి వచ్చాక మదీనాగూడలో మా రెండు గదుల్లో కసరత్తు మొదలైంది. ఫిజియోథెరపీ అమ్మాయి వారానికి రెండుసార్లు నేర్పేది. మిగతా రోజులు నావి. ఒక గిన్నెలోని శనగలు ఇంకో గిన్నెలోకి, పొద్దున రెండు వందలు, సాయంత్రం రెండు వందలు. ఆ తర్వాత బొటనవేలు కణుపుల మీదికి. తేదీ, షుగర్, బీపీ, ఏ కణుపు దాకా అందింది, ఇవి రోజూ ఎడమచేత్తో గోడ క్యాలెండర్ మీద రాసేదాన్ని. మా ఆయన క్యాబ్ నడుపుతాడు. ఇంటికి రాగానే అదే అడిగేవాడు.

"ఏమే, ఇయ్యాల ఏ అంతస్తు దాక పోయినవ్?"

"ఆరు."

"నిన్న గూడ ఆరే గదనే! లిఫ్ట్ ఖరాబైందా?"

"మెట్లెక్కుతున్న. నువ్వు జర ఆగు."

ఒక రోజు మాత్రం నవ్వకుండా అన్నాడు. "పానం దక్కింది. నడుస్తున్నవ్, తింటున్నవ్. గది సాలదా?"

"సాలదు" అన్నాను.

ఎడమచేతి మీద లెక్కపెట్టమని అందరూ చెప్పారు. ప్రయత్నించాను. ఎడమ కణుపు మీద వేలు పెడితే కణుపే కనిపించింది, అంతస్తు కనిపించలేదు. సెల్‌ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంది కదా అన్నారు. అది కూడుతుంది. ఏం కూడాలో దానికి నేను చెప్పాలి.

తొంభయ్యో రోజు మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాం. అప్పటికి ఉంగరపు వేలి చివరి కణుపు అందింది, అంటే తొమ్మిదో అంతస్తు. ఆయన దగ్గర సున్నా నుంచి ఆరు దాకా ఒక కొలత ఉంది. సున్నా అంటే జబ్బు ఆనవాలు ఏమీ మిగల్లేదని. ఆరు అంటే ఏమిటని అడిగితే ఆయన కాగితాలు సర్దుకున్నారు. అర్థమైంది.

"స్నానం, వంట, అన్నీ సొంతంగ చేసుకుంటది సార్. నడకల జరంత తేడ, గంతే" అన్నాడు మా ఆయన సంతోషంగా.

"అయితే ఒకటి వేస్తాను. చాలా బాగా కోలుకున్నారు" అన్నారు డాక్టర్.

"ఒకటంటే ఏంది సారూ?"

"చిన్న చిన్న ఇబ్బందులున్నా మునుపటి పనులన్నీ చేయగలరని."

"రెండంటే?"

"మీ సొంత పనులు చేసుకోగలరు గానీ మునుపు చేసినవన్నీ చేయలేరని."

"గట్లయితే రెండు ఏయుండ్రి."

మా ఆయన నా మోచేయి గిల్లాడు. "ఎవలన్న తక్కువ మార్కులు అడుగుతరానే?"

"గిండ్ల తక్కువే మంచిది, నేనడిగింది ఎక్కువ, గది గూడ తెల్వదు నీకు" అని, డాక్టర్‌తో చెప్పాను. "నా చెయ్యి తొమ్మిదో అంతస్తు కాడ ఆగింది సారూ. నా పని పన్నెండు దాక ఉంది. ఇయ్యాల ఒకటి ఏస్తే ఇగ నాకు బాగైనట్టు, నా ఫైలు మూసినట్టు. నాకింక కాలే."

ఆయన రెండు వేశారు. మొదటి మూడు నెలల్లో వచ్చేదే ఎక్కువని, తర్వాత వచ్చేది నెమ్మదిగా వస్తుందని చెప్పారు. నెమ్మది అన్నారు, రాదు అనలేదు. ఆ తేడా క్యాలెండర్ మీద రాసుకున్నాను.

మరుసటి వారం పనికి వెళ్లాను. క్యాంటీన్ మేనేజర్ నాకు టోకెన్లు ఇచ్చే కౌంటర్ చూపించాడు.

"ఇక్కడ కూర్చోండి అమ్మా. రిస్క్ వద్దండి. ఇండెంట్ పని మాస్టర్ చూసుకుంటున్నారు కదా."

"బాగ చూస్తున్నడు. నిన్న ఎంత పారబోసిండ్రు?"

మాస్టర్ పక్కనే ఉన్నాడు. "అడక్కండి అక్కా" అన్నాడు.

"రేపు నన్ను రాయనియ్యుండ్రి. తప్పయితే ఎల్లుండి నుంచి టోకెన్ల కాడనే కూసుంట, మళ్ల అడగ."

మాట తూలకుండా వచ్చింది. ఆ కుర్చీ పోతే నేను ఎవరో నాకే తెలియదు.

మర్నాడు తొమ్మిదింటికి కూర్చుని తొమ్మిది అంతస్తులు వేశాను. బొటనవేలు చిటికెన వేలి దాకా పోలేదు. రెండుసార్లు ప్రయత్నించాను. అప్పుడు లేచి లిఫ్ట్ ఎక్కాను. మా యూనిఫాం వేసుకున్నవాళ్లకు పై అంతస్తుల్లో టీ మిషన్ దాకా అనుమతి ఉంది. అక్కడి నుంచి అద్దాల గోడ వెనక సీట్లన్నీ కనిపిస్తాయి. కుడికాలు కొంచెం ఈడ్చుకుంటూ పదిలో, పదకొండులో, పన్నెండులో నిలబడి బల్లల మీద బ్యాగులు లెక్కపెట్టాను. పన్నెండో అంతస్తు సెక్యూరిటీ అతను దగ్గరికి వచ్చాడు.

"ఏమైందక్కా, ఏమన్న పోయిందా?"

"పోయింది. ఎతుకుతున్న" అన్నాను.

తొమ్మిది యాభై రెండుకు కాగితం మాస్టర్ చేతిలో పెట్టాను. అంకెలు పెద్దపెద్దగా, వంకరగా ఉన్నాయి. కూడితే వెయ్యీ ఎనభై ఆరు. ఆ మధ్యాహ్నం చివరి వరుస తిని లేచాక గుండిగలో మిగిలింది మా వంటవాళ్ల భోజనానికి సరిపోయేంతే. మేనేజర్ గుండిగలోకి చూశాడు, నన్ను చూశాడు, టోకెన్ల కౌంటర్‌కి ఇంకెవరినో పిలిచాడు.

అయిదో నెలలో ఒక పొద్దున చిటికెన వేలి మొదటి కణుపు బొటనవేలికి తగిలింది. పదో అంతస్తు అంకె తనంతట తాను వచ్చింది, డెబ్బై నాలుగు. పదకొండుకీ పన్నెండుకీ ఇప్పటికీ లిఫ్ట్‌లోనే వెళ్తున్నాను.